4 లక్షల 20 వేల రాజ్‌దూత్ 350: అనంతపురం వెళ్లి చూసొచ్చా

బెంగళూరు హైవే మీద అనంతపురం దాటి రాప్తాడు వైపు పోతుంటే పాత బండ్లు బాగుచేసి అమ్మే షెడ్డు ఒకటుంది. పేరు రాయను, ఎందుకంటే బేరం ఇంకా తెగలేదు. "ఒరిజినల్ ఆర్డీ 350, 87 మోడల్, హెచ్‌టీ, ఫుల్ రీస్టోర్డ్, 4.20 ఫైనల్" అని వాట్సాప్‌లో ఫోటోలు వచ్చిన రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఇంట్లో మాత్రం ఏదో పెళ్లి పనుందని చెప్పి పోయాను.

ముందుగా ఒక మాట. ట్యాంకు మీద పెద్దగా యమహా అని బ్యాడ్జి ఉంది, అక్కడే నాకు మొదటి అనుమానం. మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి 1989 దాకా చేసిన బండి పేరు రాజ్‌దూత్ 350, ట్యాంకు మీద కూడా అదే పేరు ఉండేది. జపాన్ యమహా ఆర్డీ 350 డిజైనే, ఇంజినూ అదే, 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు, కానీ జపాన్ బండికి ముందు డిస్క్ బ్రేక్ ఉంటే మనకి డ్రమ్మే ఇచ్చారు, పవర్ కూడా తగ్గించారు. అదేమిటని అడిగితే "కస్టమర్లు యమహా బ్యాడ్జే అడుగుతారన్నా" అన్నాడు షెడ్డు ఓనరు. అడుగుతారు, నిజమే. అప్పుడు ఒరిజినల్ అనే మాట వాడకూడదు కదా.

పెయింట్ గురించి ఎంత పొగిడినా తక్కువే. మడ్‌గార్డ్ క్రోమ్‌లో నా మొహం చూసుకుని మీసం సరిచేసుకున్నా, అంత బాగుంది. సీటు కుట్టు, స్పోకులు, రెండు మీటర్లు, అన్నీ కొత్తవే. మీటర్లో 9 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, అది నేనూ నమ్మలేదు, ఆయనా నమ్మమనలేదు.

నాతో మా ఊరి మేస్త్రీ వచ్చాడు, ముప్పై ఏళ్లుగా టూ స్ట్రోకులే విప్పుతున్న మనిషి. ఆయన బండి దగ్గరికి పోగానే చేసిన మొదటి పని సిలిండర్ ఫిన్ల మీద చెయ్యి పెట్టడం. వెచ్చగా ఉంది. "మనం వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టినారు సామీ, రేపు పొద్దున్నే వద్దాం" అన్నాడు చిన్నగా. పాత బండి చూడ్డానికి పోతే ఇది మర్చిపోకండి, వేడి ఇంజిన్ ఏ జబ్బూ చెప్పదు.

ఇక అసలు సంగతి, హెచ్‌టీనా ఎల్‌టీనా. తెలియనివాళ్ల కోసం: మొదట వచ్చింది హెచ్‌టీ, అంటే హై టార్క్, 30.5 బీహెచ్‌పీ. తర్వాత మైలేజీ కోసం ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్లోంచి పొగ బయటికి పోయే రంధ్రం) ఇరుకు చేసి 27 దగ్గరికి దించారు, అది ఎల్‌టీ, అంటే లో టార్క్. ఈ మూడున్నర బీహెచ్‌పీ పేరు మీద ఇవాళ మార్కెట్లో యాభై అరవై వేలు ఎక్కువ అడుగుతున్నారు. స్టిక్కర్ చూసో, సౌండు వినో ఎవరూ తేల్చలేరు. మేస్త్రీ తన దగ్గరున్న పాత హెచ్‌టీ బ్లాకు పోర్టు కొలతకి సిగరెట్ పెట్టె అట్టను కత్తిరించి జేబులో పెట్టుకొచ్చాడు. ఒక పక్క సైలెన్సర్ విప్పమంటే ఓనరు కాసేపు నసిగి, చివరికి ఒప్పుకున్నాడు (ఇది ఆయన గొప్పదనమే, వేరేవాళ్లయితే బయటికి పంపించేవాళ్లు). అట్ట ముక్క పోర్టులో దూరలేదు. రెండు వైపులా అంచులు తగిలి వంగిపోయింది. ఎల్‌టీ. ఓనరు కూడా అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు అమ్మినోడు హెచ్‌టీ అనే అమ్మినాడన్నా" అన్నాడు. మొహం చూస్తే నిజమే చెబుతున్నట్టు అనిపించింది.

ఇంజిన్ పని మొత్తం చేయించామని చెప్పడానికి లేత్ షాపు బిల్లు తెచ్చి గర్వంగా చూపించాడు. ఆ బిల్లే కొంప ముంచింది. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 64.75 అని రాసి ఉంది. కొత్తగా వచ్చినప్పుడు బోరు 64 మిల్లీమీటర్లు, అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున నాలుగుసార్లు పెంచుకోవచ్చు, 65 దాకా. అంటే మూడు మెట్లు అయిపోయాయి, మిగిలింది ఒక్కటే. ఈసారి పిస్టన్ పట్టేసిందంటే ఆఖరి బోరు, ఆ తర్వాత సిలిండర్ లోపల స్లీవ్ (కొత్త గొట్టం) వేయించుకోవాలి, లేదంటే బ్లాకుల కోసం పాత సామాన్ల షాపులన్నీ తిరగాలి.

ఫ్రేమ్ నంబరు హ్యాండిల్ కింద హెడ్‌స్టాక్ మీద ఉంటుంది. ఇంజిన్ నంబరు సిలిండర్ల వెనక క్రాంక్ కేసు మీద, అది ఆర్‌సీతో సరిపోయింది. ఫ్రేమ్ మీద పౌడర్ కోటింగ్ ఎంత మందంగా పోశారంటే అంకెలు బూరెల్లా ఉబ్బిపోయాయి. తెల్ల కాగితం ఆనించి పైన పెన్సిల్ రుద్దితే అంకెలు తేలాయి, చివరి నుంచి రెండోది 3లా కనిపిస్తోంది, ఆర్‌సీలో 8 ఉంది. కోటింగ్ ఎడమ పక్క పూడ్చేస్తే 8 కూడా 3లా కనిపిస్తుంది, కాబట్టి దొంగ బండి అనేయడం తప్పు. కానీ అక్కడ రెండంగుళాలు గీకి చూపించేదాకా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వనని చెప్పేశా. "పెయింట్ పోతుందన్నా" అని బాధపడ్డాడు. నంబరు తేడా ఉంటే నా డబ్బు పోతుంది కదా!

ఇంకోటి, "వింటేజ్ నంబరు కూడా తీసుకోవచ్చన్నా" అన్నాడు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకే ఆ వీఏ సిరీస్ ఇస్తారు. 87 బండికి అది 2037లో. అప్పటిదాకా అందరిలాగే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాల్సిందే.

మర్నాడు ఏడు గంటలకి పోయాం. ఇంజిన్ చల్లగా ఉంది. చోక్ లాగి నాలుగో కిక్కుకి అందుకుంది. మొదట తెల్ల పొగ బాగానే కమ్మింది, పక్క టీకొట్టు ముసలాయన తిట్టాడు కూడా, పది నిమిషాలకి పలచబడిపోయింది. పొగ ఆగకుండా గేర్ ఆయిల్ మాడిన వాసన వస్తే కుడిపక్క క్రాంక్ సీల్ పోయినట్టు, ఆ వాసన రాలేదు. క్రాంక్ పని మంచి చేతిలో పడింది, అందుకు ఫుల్ మార్కులు. ఇంజిన్‌కి ఆయిల్ తనంతట తానే అందించే ఆటోల్యూబ్ పంపు మాత్రం ఊరికే బిగించి ఉంది, ఆయిల్ ట్యాంకు ఎండిపోయి ఉంది, ఆయిలంతా పెట్రోల్లో కలిపి పోస్తున్నారు. స్పార్క్ ఇచ్చే పాత పాయింట్లు తీసేసి సీడీఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) పెట్టారు, ముందు ఏదో కొత్త బండి డిస్క్ తగిలించారు. ఈ రెండూ ఒరిజినల్ కావు, కానీ ఆ పాత డ్రమ్ముతో ఒకసారి లారీ వెనక ఆగబోయిన అనుభవం ఉన్నవాడిగా డిస్క్ గురించి నేను నోరెత్తను.

నడిపాను. మూడు వేల ఆర్‌పీఎం దగ్గర స్కూటర్‌లా ఉంటుంది, ఐదు వేలు దాటగానే ఎవరో వెనక నుంచి తోసినట్టు పోతుంది. ఆరో గేరు దాకా వెళ్లలేదు, హైవే మీద గొర్రెలు అడ్డమొచ్చాయి. తిరిగొచ్చేటప్పటికి నాకు బుద్ధి సగం పోయింది, అందుకే ధర అప్పుడు మాట్లాడకుండా టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జీ తింటూ లెక్క వేసుకున్నా.

ఆయన చెప్పినట్టు హెచ్‌టీ అయి, మొదటి బోరుతో, నంబర్లు సరిగ్గా ఉంటే 4.20కి కళ్లు మూసుకుని కొనేవాణ్ని. ఎల్‌టీ కాబట్టి 60 వేలు, బోరుకి 25, ఆటోల్యూబ్, బ్యాడ్జి లాంటి వాటికి 15, ఆర్‌సీ తలనొప్పికి 10. పోగా 3 లక్షల 10 వేలు. పెయింట్‌కి 5కి 5, ఇంజిన్‌కి 4, నిజాయితీకి కూడా 4 ఇస్తా, సైలెన్సర్ విప్పనిచ్చాడు కాబట్టి. ఒరిజినాలిటీకి రెండే.

3.10 అని ఫోన్‌లో చెప్తే "అన్నా, పెయింట్‌కే లక్ష అయింది" అన్నాడు. ఫ్రేమ్ గీకి ఫోటో పంపమన్నా. నాలుగు రోజులైంది, ఇంకా రాలేదు.