రెండేళ్లుగా కిచెన్ టైమర్ వాడుతున్నాను: ఇల్లు నడిపేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

చేత్తో తిప్పి వదిలితే టిక్‌టిక్‌మంటూ నడిచి, టైమ్ అవ్వగానే గంట కొట్టే కిచెన్ టైమర్‌ని రెండేళ్లకు పైగా వాడుతున్నాను. బ్యాటరీతో నడిచేది ఇంకొకటి తర్వాత తీసుకున్నాను. గృహిణుల కోసమని చెప్పే ప్లానర్లు, యాప్‌లు కూడా కొన్ని చూశాను. వాటిలో చాలావరకు ఆఫీసు పనికి సరిపోయే లెక్కలే. నా రోజులో నిజంగా తేడా తెచ్చింది మాత్రం ఈ చిన్న వస్తువే.

మాది హైదరాబాద్‌లో వనస్థలిపురం. ఇంట్లో అత్తయ్య, మావారు, ఇద్దరు పిల్లలు, నేను. రోజులో కొన్ని టైమ్‌లు మన చేతిలో ఉండవు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చినప్పుడే సంపు నింపుకోవాలి. స్కూల్ వ్యాన్ ఆగదు, చెత్త ఆటో అసలే ఆగదు. మిగతా పనులన్నీ వీటి మధ్యలో సర్దుకోవాలి. అందుకని గంట గంటకీ ఒక పని రాసిపెట్టుకునే టైమ్‌టేబుల్ మా ఇంట్లో నిలవలేదు. టైమర్ నిలిచింది.

ముందు వంట సంగతి. కుక్కర్ పెట్టి విజిల్స్ లెక్కపెట్టడం మనందరికీ అలవాటు. కానీ మూడు విజిల్స్ అంటే ఇంత టైమ్ అని లేదు. మంట పెద్దదైతే గబగబా వచ్చేస్తాయి, చిన్నదైతే ఆలస్యంగా వస్తాయి. లోపల ప్రెషర్ పూర్తిగా ఎక్కాక నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, పప్పు త్వరగా ఉడికేది ఆ వేడికే. ఆ తర్వాత మంట పెద్దదిగా ఉంచితే ఆవిరి బయటికి పోవడం తప్ప ఉడకడం వేగం కాదు. అందుకే మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి టైమర్ తిప్పుతాను. అరగంట నానిన కందిపప్పుకి మా కుక్కర్‌లో 8 నిమిషాలు, రాత్రంతా నానిన శనగలకి 20 నిమిషాలు. గంట కొట్టగానే స్టవ్ ఆపి, ప్రెషర్ దానంతటది దిగేదాకా వదిలేస్తాను. పప్పు ఏ రోజైనా ఒకేలా ఉడుకుతోంది, గ్యాస్ కూడా కలిసొస్తోంది. అన్నిటికంటే మేలు ఏంటంటే, విజిల్ కోసం చెవులు అప్పగించి నిలబడక్కర్లేదు. ఆ 8 నిమిషాల్లో పాప జడలు అయిపోతాయి.

ఇడ్లీకి 12 నిమిషాలు పెడతాను. మోటర్ వేసినప్పుడు కూడా పెడతాను, ట్యాంక్ నిండడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి చూసుకుంటే చాలు, నీళ్లు పొర్లిపోవు.

మా అత్తయ్య థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి. వేసుకున్నాక కనీసం అరగంట కాఫీ తాగకూడదని డాక్టర్ చెప్పారు. ఇదివరకు రోజూ పొద్దున్నే "అరగంట అయిందా అమ్మాయ్?" అని నన్ను అడిగేవారు. ఇప్పుడు మాత్ర వేసుకోగానే ఆవిడే టైమర్ తిప్పుకుంటారు. గంట మోగాక కాఫీ. ఈ ఒక్క ఉపయోగం కోసమైనా పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది ఉండాలంటాను.

ఇక వంటింటి బయట. టైమర్ పెట్టుకుని పనిచేసే పొమొడోరో పద్ధతి గురించి వినే ఉంటారు. 1980ల చివర్లో ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి చదువు మీద మనసు నిలవక, టమాటా ఆకారంలో ఉన్న కిచెన్ టైమర్ పెట్టుకుని మొదలుపెట్టాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విశ్రాంతి. అలా నాలుగు సార్లు అయ్యాక ఇంకాస్త పెద్ద విశ్రాంతి. వంటింట్లోంచి వెళ్లిన వస్తువే కాబట్టి మన పనికీ సరిపోతుందనుకుంటాం. సగమే సరిపోతుంది. అసలు పద్ధతిలో మధ్యలో ఆగిపోతే ఆ 25 నిమిషాలు లెక్కలోకి రావు, మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. కాలింగ్ బెల్ మోగే ఇంట్లో అది కుదరని మాట. కొరియర్ వస్తుంది, పక్కింటావిడ కరివేపాకు అడుగుతుంది, చిన్నవాడు బాత్రూంలోంచి పిలుస్తాడు. నేను ఆ రూలు వదిలేశాను. లేచి వెళ్తాను, వస్తాను, మిగిలినంతసేపే చేస్తాను.

ఈ 25 నిమిషాలు ఏ పనులకు బాగా కుదురుతాయంటే, ఎంత చేసినా తరగనివాటికి. బట్టలు మడతపెట్టడం, అటక సర్దడం, రైతు బజార్ నుంచి తెచ్చిన తోటకూర, గోంగూర బాగుచేయడం, చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం. "అటక మొత్తం సర్దాలి" అనుకుంటే నెలలు గడుస్తాయి. టైమర్ మోగేదాకా ఒక మూల సర్దుదాం అనుకుంటే చేతులు కదులుతాయి.

కానీ నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లకు రోజుకు సగటున 289 నిమిషాలు పడుతోందని, మగవాళ్లకు 88 నిమిషాలని తేలింది. 289 నిమిషాలంటే ఐదు గంటలకు ఓ పదకొండు నిమిషాలు తక్కువ. పిల్లల్ని, పెద్దవాళ్లని చూసుకునే టైమ్ ఇందులో లేదు, దాన్ని వేరుగా లెక్కపెట్టారు. ఆఫీసు పనికి సాయంత్రం అవుతుంది. ఈ పనికి కాదు. అందుకే ఇల్లు చూసుకునే ఆడవాళ్లకు ఇంకో నాలుగు పనులు ఎలా పూర్తిచేయాలో చెప్పేవాళ్లకంటే, పని ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లు కావాలి. ఆ మాట నాకు ఈ టైమర్ చెప్పింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా కోసం తిప్పుకుంటాను. కుట్టుమిషన్ ముందు కూర్చుంటాను, లేదా కాళ్లు చాపుకుని ఏదైనా చదువుకుంటాను. గంట మోగేదాకా నన్ను పిలవొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. "కాసేపు ఆగండి" అంటే ఎవరూ ఆగేవాళ్లు కాదు. టిక్‌టిక్ వినబడుతుంటే చిన్నవాడు కూడా ఆగుతాడు. సెలవు రోజుల్లో మావారు గిన్నెలు తోమడానికి దిగేది కూడా ఆ టైమ్‌లోనే.

లోపాలూ ఉన్నాయి. తిప్పే టైమర్ గంట కొన్ని సెకన్లే మోగుతుంది, బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే వినబడదు. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. తక్కువ టైమ్ పెట్టాలంటే ముందు 20 దాకా తిప్పి, మళ్లీ వెనక్కి తేవాలి, లేకపోతే స్ప్రింగ్ సరిగా బిగుసుకోదు. టిక్‌టిక్ చప్పుడు అత్తయ్య పడుకున్న గదిలో కష్టం. తాలింపు జిడ్డు పడితే అంకెలు మసకబారతాయి, స్టవ్‌కి దూరంగా ఫ్రిజ్‌కి అంటించుకోవడం మేలు. బ్యాటరీది కచ్చితంగా నడుస్తుంది, ఎక్కువసేపు కూస్తుంది. కానీ నేను మొదట కొన్న బ్యాటరీ టైమర్ ఆవిరి తగిలి వర్షాకాలం దాటకుండానే పాడైంది.

ఫోన్‌లో టైమర్ ఉందిగా అంటారు. పిండి చేతులతో ఫోన్ ముట్టుకోలేం. ముట్టుకున్నా, టైమర్ పెట్టేలోపు వాట్సాప్‌లో ఏదో ఒకటి కనబడుతుంది, పది నిమిషాలు అక్కడే పోతాయి.

కొనేముందు వెనక అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుందో లేదో చూసుకోండి. నాకు 300 రూపాయల లోపే వచ్చింది. బేగంబజార్ వైపు వెళ్తే గిన్నెల షాపుల్లో అడగండి, చేత్తో తిప్పి, గంట విని తీసుకోవచ్చు. ఒక్కటే కొనాలంటే, వంటకి ఎక్కువగా కావాల్సినవాళ్లు బ్యాటరీది తీసుకోండి. పెద్దవాళ్లకి, పిల్లలకి, మధ్యాహ్నం మీ కోసం అయితే తిప్పేదే తీసుకోండి.