తొందరగా నడక వచ్చిన పసిపిల్లలకు షూస్ కొంటున్నారా? మడమలో లైట్లు ఉన్నవి మాత్రం తీసుకోకండి

వైజాగ్‌లో ఏడాది అటూ ఇటూ వయసు పిల్లలున్న తల్లిదండ్రులు దయచేసి ఇది చదవండి. బిడ్డకి తొందరగా నడక వచ్చిందని మొదటి షూస్ కొనడానికి వెళ్తే, "ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి, ఇప్పుడే సపోర్ట్ ఇవ్వకపోతే దొడ్డికాళ్లు వచ్చేస్తాయి" అని భయపెట్టి, చీలమండ దాకా బిగించే గట్టి బూట్లు అంటగడుతున్నారు. ఆ మాటలో నిజం లేదు. పైగా మాకు అమ్మిన జతలో మడమ ఊడి లోపలి బటన్ బ్యాటరీలు బయటికి వచ్చాయి. మా పాప నోట్లో పెట్టుకోబోతుంటే మా అత్తయ్య చూశారు కాబట్టి సరిపోయింది.

మా పాపకి పదో నెల నిండకుండానే నడక వచ్చేసింది. సోఫా పట్టుకుని తిరిగే పిల్ల ఒకరోజు చెయ్యి వదిలేసి వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది. ఇంట్లో ఎలాగూ ఒట్టి కాళ్లే. కానీ సాయంత్రం శివాజీ పార్కుకి తీసుకెళ్తే చంకలో ఉండదు, కింద దించమని ఒకటే పేచీ. అక్కడ గులకరాళ్లు, సీసా పెంకులు, పగలంతా ఎండకి కాలిన గచ్చు. బయటికి వెళ్లినప్పుడు వేయడానికి ఒక జత ఉంటే చాలని జగదాంబ వైపు ఒక పిల్లల చెప్పుల షాపుకి వెళ్లాం. షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు ఆ ఒక్కచోటే ఉందని నేను అనుకోవడం లేదు, అందుకే పేరు కన్నా ఆ షూస్ ఎలా ఉంటాయో గుర్తుపెట్టుకోండి.

మేము అడిగింది మెత్తటి చెప్పులు. పాప వయసు చెప్పగానే సేల్స్‌మన్ ముఖం మారిపోయింది. "అయ్యో, అప్పుడే నడుస్తోందా అమ్మా? బరువంతా కాళ్ల మీదే పడుతుంది కదా. మెత్తటివి వేస్తే పాదం చప్పిడిగా అయిపోతుంది. డాక్టర్లు కూడా ఇవే వేయమంటారు" అంటూ తెల్లటి బూట్ల జత తీశాడు. పక్కనే ఉన్న మా అత్తయ్యకి కంగారు పుట్టింది. ఇంటికి వచ్చినవాళ్లంతా అప్పటికే "ఇంత తొందరగా నడిపించకండి, కాళ్లు వంకర పోతాయి" అని తలా ఒక మాట అంటున్నారు మరి. సరిగ్గా ఆ భయం మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. తొమ్మిది వందలు తీసుకున్నారు. ప్యాడ్ మీద నంబరు, ధర రాసిచ్చిన చీటీయే బిల్లు అన్నారు.

ఆ బూట్లు ఎలా ఉంటాయంటే, చీలమండ పైదాకా వచ్చే తెల్ల రెగ్జిన్, రెండు వెల్‌క్రో పట్టీలు, మడమ పక్కన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ముక్క. అడుగు వేసినప్పుడల్లా అందులో ఎర్ర, నీలం లైట్లు వెలుగుతాయి. సోలు చెక్కపలకలా ఉంటుంది, రెండు చేతులతో వంచినా వంగదు. వేలు లోపల పెట్టి తడిమితే మడమ వెనక గట్టి అట్టముక్క తగులుతుంది, దాని అంచు మీద గుడ్డ కూడా సరిగ్గా అతికించలేదు. డబ్బా తెరిస్తే జిగురు వాసన గుప్పుమంటుంది. డబ్బా మీద సైజు స్టిక్కరు, ధర తప్ప తయారీదారు పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో చేశారో లేదు.

వేసిన మొదటిరోజే పాప నడక మారిపోయింది. ఇంట్లో చకచకా తిరిగే పిల్ల కాళ్లు ఈడుస్తూ, ప్రతి అడుగుకీ ముందుకి తూలుతోంది. అలవాటు లేక అలా చేస్తోందన్నారు అందరూ. విప్పి చూస్తే మడమ పైన ఎర్రగా కమిలిపోయి ఉంది, మరుసటి రోజుకి అక్కడే చిన్న బొబ్బ. అయినా పిల్ల పెద్దగా ఏడవలేదు. ఈ విషయం అందరూ గమనించాలి. ఈ వయసులో పాదంలో ఎక్కువ భాగం ఇంకా గట్టిపడని మెత్తటి ఎముకే. షూ బిగుతుగా ఉంటే పాదమే దానికి తగ్గట్టు ముడుచుకుంటుంది. ఏడవలేదు కాబట్టి సరిపోయాయి అనుకోవడానికి లేదు. విప్పిన వెంటనే పాదం చూసి, మచ్చలు ఎక్కడ పడ్డాయో చూస్తేనే తెలుస్తుంది.

తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్లాం. బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసే వేళ కాబట్టి పాపని నడిపించవచ్చని ఆ బూట్లే వేశాం. ఇసుకలో దిగింది, ఒక చిన్న అల వచ్చి కాళ్లు తడిపింది. ఇంటికొచ్చి బాల్కనీలో ఆరబెట్టాం. ఆ సాయంత్రం పాప ఒక బూటు లాక్కుని కూర్చుని, పిల్లలు చేసేదే కదా, మడమ దగ్గర కొరకడం మొదలుపెట్టింది. జిగురు నాని ఆ ప్లాస్టిక్ ముక్క అప్పటికే సగం లేచి ఉంది. మా అత్తయ్య వెళ్లేసరికి ముక్క ఊడిపోయి, సన్నటి తీగలకి అతుక్కుని ఉన్న చిన్న సర్క్యూట్, దాని మీద రెండు గుండ్రటి బ్యాటరీలు బయటికి వేలాడుతున్నాయి. ఒకటి అప్పటికే వదులైపోయి, వేలితో తాకితే చేతిలోకి వచ్చేసింది. చొక్కా గుండీ అంత ఉంటుంది, అంతే.

బటన్ బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అలా ఇరుక్కున్నచోట తడికి దానిలోంచి కరెంటు పారుతుంది, ఆ చర్యకి అన్నవాహిక గోడ కాలిపోతుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. అరిగిపోయిన బ్యాటరీ అయినా ప్రమాదమే. మీ ఇంట్లో ఎవరికైనా అలాంటి అనుమానం వస్తే వాంతి చేయించకండి, తిండి పెట్టి కిందికి దించాలని చూడకండి, రేపు చూద్దాంలే అనుకోకండి. వెంటనే ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. దగ్గు, చొంగ కారడం, పాలు మింగలేకపోవడం లాంటివి కనిపించేదాకా ఆగకూడదు. కొన్నిసార్లు మొదట్లో ఏ లక్షణమూ ఉండదు.

కీచుకీచుమనే చెప్పుల్లోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. మడమ కింద ఉండే పీక ఊడిపోతే సరిగ్గా శ్వాసనాళంలో ఇరుక్కునేంత సైజులో ఉంటుంది. ఆ చప్పుడు అమ్మమ్మలకీ తాతయ్యలకీ ముచ్చటే, కాదనను. కానీ నోట్లో ఏది పడితే అది పెట్టుకునే వయసు పిల్లకి దయచేసి కొనకండి.

బొబ్బ చూపించడానికి పిల్లల డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు దొడ్డికాళ్ల సంగతి అడిగాను. ఆయన ఓపిగ్గా వివరించారు. పుట్టినప్పటి నుంచి దాదాపు అందరు పిల్లల కాళ్లూ కొంచెం వంపుగానే ఉంటాయి, రెండేళ్లకి అటూ ఇటూగా సర్దుకుంటాయి. మూడు నాలుగేళ్లకి మోకాళ్లు దగ్గరగా వచ్చినట్టు కనిపించి, ఏడెనిమిదేళ్లకి తిన్నగా అవుతాయి. తొందరగా నడవడం వల్ల వంకర రాదు. ఒక కాలే ఎక్కువ వంగి ఉన్నా, రెండేళ్ల తర్వాత వంపు పెరుగుతున్నా అప్పుడు చూపించాలి, అది డి విటమిన్ లోపం కావచ్చు. దానికి మందు బూట్లు కాదు. మొదటి ఏడాది రోజుకి 400 యూనిట్ల డి విటమిన్ చుక్కలు వేస్తున్నారా లేదా అని ఆయన అడిగింది అందుకే.

పాదం చప్పిడిగా కనిపించడానికి కారణం అరికాలి కింద ఉండే కొవ్వు. పిల్ల పెరిగే కొద్దీ వంపు దానంతట అదే తేలుతుంది. షూలో ఎత్తు పెట్టి దాన్ని తెప్పించాల్సిన పని లేదు. ఇక "ఇంత తొందరగానా" అనేవాళ్లకి చెప్పడానికి ఒక లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు సాయం లేకుండా నడక మొదలుపెట్టే వయసు 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా ఉంది. అందులో మన దేశపు పిల్లలు కూడా ఉన్నారు. తొమ్మిది, పది నెలలకి నడిస్తే అది జబ్బు కాదు, దానికి ప్రత్యేకమైన బూటు అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి తెలిసుంటే ఏ షాపువాడూ మిమ్మల్ని భయపెట్టలేడు.

మరి ఏం కొనాలి? ఇంట్లో, శుభ్రమైన చోట ఏమీ వద్దు. ఒట్టి కాలి వేళ్లు నేలని పట్టుకుంటేనే పిల్లలు బాగా నిలదొక్కుకుంటారు. బయటికి వేసేది రాయి గుచ్చుకోకుండా, కాలు కాలకుండా ఉంటే చాలు. షాపులోనే చేతిలోకి తీసుకుని ముందుభాగం వంచండి. వేళ్లు మడిచే చోట తేలిగ్గా వంగాలి. మధ్యలో వంగేది, అసలు వంగనిది, రెండూ వద్దు. బరువుగా ఉంటే పక్కన పెట్టేయండి. ముందుభాగం వెడల్పుగా, గుండ్రంగా ఉండాలి. కింద జారని రబ్బరు ఉండాలి. కాలు పెట్టడానికి నోరు బాగా తెరుచుకోవాలి, పట్టీతో బిగించేలా ఉండాలి. మన ఊరి ఉక్కపోతకి మూసేసిన రెగ్జిన్ అస్సలు పనికిరాదు, లోపల చెమట పట్టి ఒరుసుకుపోతుంది. వేళ్లని కప్పేలా ముందు మూసి, పక్కల గాలి ఆడే గుడ్డ శాండిల్స్ నాకు నచ్చాయి. ఇప్పుడు మా పాప వేసుకునేవి అవే, మూడు వందల యాభై.

సైజు దగ్గరే చాలామంది మోసపోతున్నారు. "పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు" అని రాసిన డబ్బాని నమ్మకండి, ఒకే వయసు ఇద్దరు పిల్లల పాదాలు ఒకలా ఉండవు. ఆన్‌లైన్‌లో యూకే నంబరో యూరప్ నంబరో చూసుకోండి. యూకే లెక్కలో సైజుకీ సైజుకీ తేడా దాదాపు 8.5 మిల్లీమీటర్లు, యూరప్ లెక్కలో 6.7. కాబట్టి ఒక నంబరు అటూ ఇటూ అయితే చిన్న విషయం కాదు. సాయంత్రం వేళ పాపని కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయండి. కూర్చోబెట్టి కొలిస్తే తక్కువ వస్తుంది. రెండు పాదాల్లో పొడవుగా ఉన్నదానికి ఒక సెంటీమీటరు కలిపి, ఆ పొడవున అట్టముక్క కత్తిరించి షాపుకి తీసుకెళ్లండి. అది షూ లోపల మడతపడకుండా పడుకోవాలి. "పెరిగే పిల్ల కదా, రెండు సైజులు పెద్దవి తీసుకోండి" అనే మాట వినకండి. పెద్దవి వేస్తే జారి పడతారు. రెండు నెలలకోసారి మళ్లీ కొలవండి. అందుకే ఈ వయసులో ఖరీదైన జత మీద డబ్బు పోయక్కర్లేదు. అక్క పిల్లలవో, బంధువుల పిల్లలవో వాడిన షూస్ అయితే సోలు ఒకపక్కకి అరిగిందేమో చూసి, అరిగితే వద్దనండి. బట్టలకైతే నేను ఆ పట్టింపు పెట్టుకోను.

ఊడిన బూటు పట్టుకుని షాపుకి వెళ్తే యజమాని "వాడేశాక రిటర్న్ ఉండదమ్మా, నీళ్లలో పెడితే లైట్లు పాడవ్వవా?" అన్నాడు. నీళ్లు తగిలితే ఊడిపోయే బ్యాటరీని పసిపిల్ల కాలికి కట్టి ఎలా అమ్ముతారని మా ఆయన అడిగారు. జవాబు లేదు. గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు చూపించాడు. ఆ బోర్డు చూసి వెనక్కి వచ్చేయకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. చీటీ ఫొటో, డబ్బా ఫొటో, ఊడిన మడమ ఫొటో దాచిపెట్టాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. తొమ్మిది వందల కోసం ఇంత తిరగడం ఎందుకన్నారు కొందరు. నాకు కావాల్సింది ఆ తొమ్మిది వందలు కాదు, ఆ జతలు ఇంకో పసిపిల్ల కాలికి ఎక్కకూడదు.

చీలమండ దాకా తెల్లగా ఉండి, మడమలో ఎర్ర, నీలం లైట్లు వెలిగే, డబ్బా మీద తయారీదారు చిరునామా లేని జత మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రే తీసి చూడండి. మడమ దగ్గరి ప్లాస్టిక్ ముక్క అంచు గోటితో లేపితే కదులుతోందంటే ఇక వేయకండి. బ్యాటరీలు బయటికి వస్తే రెండు వైపులా టేపు చుట్టి, పిల్లలకి అందనిచోట పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి. బూటు మాత్రం పారేయకండి, ఫిర్యాదుకి అదే సాక్ష్యం.