పాత చెక్క పడవ: ఏడేళ్లు అందులోనే ఉన్నాక

ఏడేళ్లుగా మా ఇద్దరి ఇల్లు ఈ చెక్క పడవే. పొడవు 11 మీటర్లు. వంపు తిరిగిన ఓక్ దూలాల మీద లార్చ్ పలకలు పక్కపక్కనే బిగించి కట్టిన పాతకాలపు పడవ. మా ఇద్దరిలో ఎవరికన్నా దానికే వయసెక్కువ. ఒక్క ఏడాదిలో బాగుచేసుకోవచ్చు అనుకుని మొదలుపెడితే మూడేళ్లు పట్టింది. ఇన్నాళ్లూ దీని గురించి రాయలేదు. చెక్క మీద చేసిన పని నిలుస్తుందో లేదో మొదటి ఏడాదిలో తెలియదు, నాలుగైదు వానాకాలాలు గడవాలి. ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మళ్లీ కొంటారా అని అడిగేవాళ్లకు ముందే జవాబు: కొంటాం, ఇదే పడవ. కాకపోతే పనులు వేరే వరసలో చేస్తాం.

నీళ్లంటే కిందనుంచి వచ్చేవే అనుకోవడం మేం చేసిన పెద్ద తప్పు. మొదటి రెండేళ్ల శ్రమంతా అడుగు భాగం మీద పెట్టి, పైన మనం నడిచే చెక్క తలం, అంటే డెక్‌కి రంగు వేసి వదిలేశాం. నిజానికి పాత పడవను తినేసేది వాన నీళ్లు. తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం చెక్కకు పుచ్చు పట్టదు. ఆ పుచ్చు పుట్టించే బూజుకి అంతకన్నా ఎక్కువ తేమ కావాలి, దాంతోపాటు గాలీ కావాలి. ఎప్పుడూ సముద్రంలో మునిగి ఉండే పలకకు గాలి అందదు, ఉప్పు కూడా బూజును ఎదగనివ్వదు. అదే డెక్ మీద పడ్డ వాన చుక్క బోల్టు పక్కనుంచి లోపలికి దిగిందంటే, అక్కడ గాలీ ఉంటుంది, నెమ్మూ ఉంటుంది, ఎండ మాత్రం తగలదు.

మా మంచం తలవైపు మూలలో జరిగింది ఇదే. రెండో ఏడాది వానల్లో దిండు ఒక పక్క చల్లగా అనిపించేది. పైన రంగు మాత్రం చెక్కుచెదరలేదు. ఒకరోజు బొటనవేలితో నొక్కితే ఆ రంగు పొర లోపలికి సొట్టబోయింది. దబ్బనం పెట్టి చూస్తే తడిసిన అట్టలోకి దిగినట్టు రెండంగుళాలు దిగింది. బయటికి వచ్చిన ముక్క ముదురు గోధుమరంగులో, చిన్న చిన్న గళ్లుగా పగిలి ఉంది. వేళ్ల మధ్య నలిపితే పొడైపోయింది. పుట్టగొడుగుల వాసన. నీళ్లు దిగింది అక్కడ కాదు. ఒకటిన్నర మీటర్ల ముందు, రెయిలింగ్ కాలు బిగించిన బోల్టు చుట్టూ వెంట్రుకంత సందు ఉంది. అందులో దిగిన నీళ్లు అడ్డదూలం వెంబడి పాకి మా మూలకు చేరాయి.

ఆ దూలం చివర కోసేసి, చేవ ఉన్న కొత్త కర్ర అతికించాం. ఇలాంటి అతుకు ఏటవాలుగా, కర్ర మందానికి కనీసం ఎనిమిది రెట్ల పొడవున కోయాలి. పొట్టిగా కోస్తే బలం నిలవదు. పదకొండు రోజులు పట్టింది. మొదట్లోనే ఆ బోల్టు ఊడదీసి, రంధ్రం పెద్దది చేసి, ఎపాక్సీతో (రెండు ద్రవాలు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ బెజ్జం వేసి బిగించి ఉంటే చేతిపని ఒక్క పూటలో అయిపోయేది. ఆ తర్వాత అందినన్ని బోల్టులు అలాగే మార్చాం. మార్చిన వాటిలో ఒక్కటీ ఇంతవరకు కారలేదు.

అడుగు పని గురించి మాత్రం మంచి మాటలే చెప్పాలి. అక్కడి పాత ఎర్రరంగులో సీసం ఉంటుంది, పొడిగా సాండింగ్ చేయకండి. తడిపి గోకండి, మాస్క్ తీయకండి. పలకల సందుల్లోంచి గట్టిపడ్డ పుట్టీ, నల్లబడ్డ నూలు తీసేసి, కొత్త నూలు పేటలు మొద్దు ఉలితో దూర్చి, రంగు పూసి, పైన పుట్టీ పెట్టాం. ఎంత బిగువుగా కొడితే అంత మంచిదనుకుని నేను బలంకొద్దీ కొడుతుంటే, ఆ పనిలో జీవితమంతా గడిపిన వడ్రంగి ఒకాయన చేయి పట్టుకుని ఆపారు. "ఇది ఎండిన చెక్కండీ. నీళ్లు తాగాక ఉబ్బుతుంది. ఇప్పుడే చోటంతా నింపేస్తే ఆ ఉబ్బు ఎక్కడికి పోవాలి? లోపలి దూలాలు విరుగుతాయి" అన్నారు. ఆయన చూసుకుని కాదు, విని కొట్టేవారు. దెబ్బ శబ్దం మెత్తదనం పోయి కాస్త మోగగానే ఆపేసి ముందుకు జరిగేవారు.

నీళ్లలోకి దించిన రాత్రి మేం పడుకోలేదు. పడవను క్రేన్ పట్టీల్లోనే వేలాడదీసి ఉంచారు. పలకల సందుల్లోంచి సన్నని ధారలు. మొదటి గంట నీళ్లు తోడే పంపు ఆగనే లేదు. అర్ధరాత్రికి పావుగంటకోసారి, తెల్లవారేసరికి గంటకోసారి నడిచింది. మూడో రోజుకి రోజు మొత్తం మీద రెండు సార్లు. చెక్క ఉబ్బి తన సందులు తనే మూసుకుంటుందని చదివి తెలుసుకోవడం వేరు, టార్చి వేసుకుని ఒక్కో ధార ఆగిపోవడం చూడటం వేరు.

ఇంత కష్టమెందుకు, ఫైబర్‌గ్లాస్ చుట్టేయండి అని చాలామంది సలహా ఇచ్చారు. వినకపోవడం మంచిదైంది. చెక్క పొడవు వైపు దాదాపు కదలదు గానీ వెడల్పులో తేమను బట్టి ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది. పైన వేసిన గట్టి తొడుగు ఆ కదలికకు పగులుతుంది. పగుల్లోంచి దిగిన నీళ్లకు ఆరే దారి ఉండదు. ప్లైవుడ్ సంగతి వేరు, పొరలు అడ్డంగా నిలువుగా అతికి ఉంటాయి కాబట్టి పెద్దగా కదలదు. మా కేబిన్ పైకప్పు ప్లైవుడే. దాని మీద గ్లాస్ గుడ్డ, ఎపాక్సీ వేశాం, ఇప్పటికీ భేషుగ్గా ఉంది.

స్క్రూల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. నీటిమట్టం కింద అంతకుముందు ఎవరో వేసిన ఇత్తడి స్క్రూలు తీస్తే గులాబీ రంగులోకి మారి, సుద్దముక్కల్లా విరిగాయి. ఉప్పునీళ్లలో ఇత్తడిలోని జింక్ కరిగిపోయి, బలంలేని రాగి గుల్ల మిగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పైభాగాల్లో బాగుంటుంది కానీ తడి చెక్క లోపల గాలి తగలక గుంటలు పడి తెగుతుంది. మేం సిలికాన్ కంచు (రాగిలో కాస్త సిలికాన్ కలిపిన లోహం) స్క్రూలు వేశాం. నాలుగో ఏడాది పరీక్షగా నాలుగు ఊడదీసి చూశాను, మర ఇంకా పదునుగానే ఉంది. తుప్పు నుంచి కాపాడే జింక్ దిమ్మలు కూడా ఎక్కువైతే చేటే. మేం అవసరానికి మించి రెండు బిగిస్తే, కంచు ఫిట్టింగ్ చుట్టూ తెల్లటి పొడి చేరి చెక్క పీచులా మెత్తబడింది. అక్కడ క్షారం పుట్టి చెక్కను తింటుంది. ఆ రెండూ తీసేశాక ఆగింది.

ఇక అందులో కాపురం ఉండటం. చలికాలంలో అన్నీ మూసుకుని వండుకుంటే పొద్దున్నకి గోడలు చెమర్చి, పరుపు కింద తడి. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. మన ఊపిరి దానికి అదనం. హీటర్ పెంచితే తగ్గుతుందనుకున్నాం, తగ్గలేదు. గాలి నడిచాకే తగ్గింది. ముందొకటి వెనకొకటి ఎప్పుడూ మూయని గాలి గొట్టాలు పెట్టాం. పరుపు కింద పలక తీసేసి చెక్క బద్దలు వేశాం. అలమర తలుపులకు చెక్క బదులు పేము అల్లిక పెట్టించాం. బట్టలకు బూజు పట్టడం ఆ ఏడాదితో ఆగింది. ఈ మొత్తం పనిలో శ్రమకు తగ్గ ఫలితం అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది ఆ పేము తలుపులే. గ్యాస్ సిలిండర్ మాత్రం లోపల వద్దు. ఆ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే పడవ అడుగున చేరి నిలుస్తుంది. మాది డెక్ మీది పెట్టెలో ఉంది, పెట్టె అడుగు రంధ్రం పడవ బయటికి తెరుచుకుంటుంది. వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం పడుకునే చోట తప్పనిసరి.

పంపులు రెండు పెట్టుకోండి, రెండోది కాస్త ఎత్తులో, అలారంతో. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద అంగుళం రంధ్రం పడితే నిమిషానికి సుమారు 60 లీటర్లు లోపలికి వస్తాయి. వార్నిష్ గురించి ఎక్కువ రాయను. ఎండ తగిలే చోట ఏటా పూయాల్సిందే. ఓపిక లేని చోట మేం రంగు వేసేశాం.

ఏటా రెండు వారాలు పడవను ఒడ్డుకెక్కించి అడుగున రాగి కలిపిన రంగు వేయాలి. అయిదో ఏడాది దాన్ని ఆర్నెల్లు వాయిదా వేశాం. చుక్కాని కింది అంచున గుండుసూది తలంత బెజ్జాలు కనిపించాయి. కోసి చూస్తే లోపల వేలు దూరేంత సొరంగాలు, వాటి గోడలకు సున్నంలాంటి తెల్లటి పూత. ఓడపురుగు. పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల జాతి. దీని బాధకే 1761లో బ్రిటిష్ నౌకాదళం 'అలారమ్' అనే ఓడ అడుగున రాగి రేకులు కొట్టించింది. పురుగు ఆగింది గానీ, రాగి తగిలిన చోట ఇనుప మేకులు తినేసినట్టయ్యాయి. లోహాల జోడీ తప్పితే ఏమవుతుందో మా జింక్ దిమ్మలతో మేమూ చూశాం కాబట్టి ఆ సంగతి బాగా అర్థమైంది. చుక్కాని కొత్తది చేయించాం.

నెలకో గంట కేటాయించి తేమ మీటరు పట్టుకుని పడవంతా తిరగలేనివాళ్లు దీని జోలికి రావద్దు. వానకాలంలో ఊళ్లు తిరిగే ఉద్యోగమైనా వద్దు. మిగతా పనులన్నీ నేర్చుకోవచ్చు, నాకు మొదట్లో చిత్రిక పట్టడం కూడా రాదు.

మా మంచం మూలలో ఈ నెల తేమ 14 శాతం. మెట్ల పక్కన రెయిలింగ్ కాలు దగ్గర కిందటి నెల 16 ఉన్నది 19కి వచ్చింది. ఫర్నిచర్ అడ్డమై అప్పట్లో వదిలేసిన బోల్టు అదొక్కటే. అలమర జరిపి పెట్టాం, వాన తెరిపిస్తే రేపు ఊడదీస్తాను.