ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, అరోవానా: నాలుగడుగుల ట్యాంకుకి ఏది మేలు?

అక్వేరియం షాపులో ఈ మూడు చేపలూ వేలెడంత పిల్లలే. రంగు నచ్చితే కొనేస్తాం. అసలు చూసుకోవాల్సింది అవి పెరిగాక ఎంతవుతాయన్నది. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ దాదాపు అడుగు దాకా పెరుగుతాయి. సిల్వర్ అరోవానా మూడడుగుల జాతి, ఇంట్లో పెంచినా రెండడుగులు దాటడం మామూలే.

మన అపార్ట్‌మెంట్ హాల్లో గోడవారగా పట్టేది మహా అయితే నాలుగడుగుల ట్యాంకు. వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున వేసుకుంటే సుమారు 250 లీటర్ల నీళ్లు పడతాయి. ఆ కొలతకే చూద్దాం.

అరోవానా అందానికి వంక పెట్టలేం. మీసాలు ముందుకు చాచి నీటి పైపైనే తిరుగుతుంటే చూపు తిప్పుకోలేం. కానీ అడుగున్నర వెడల్పులో రెండడుగుల చేప వెనక్కి తిరగడానికే అవస్థ పడుతుంది. పైగా అమెజాన్ వరద అడవుల్లో నీళ్లలోంచి ఎగిరి కొమ్మల మీది పురుగుల్ని పట్టుకునే చేప అది. ఇంటికొచ్చినా ఎగరడం మానదు. మూత గట్టిగా బిగించకపోతే తెల్లారేసరికి నేల మీద పడి ఉంటుంది. దానికి సరైన ట్యాంకు ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నీళ్ల బరువే 850 కిలోలవుతుంది. అద్దె ఇంట్లో ఆ ఊసే వద్దు. ఇక ఇంకో రకం, ఏషియన్ అరోవానా, అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్న జాతి. ఫారమ్‌లో పెంచి, ఒంట్లో మైక్రోచిప్ పెట్టి, కాగితాలతో అమ్మాల్సిన చేప. కాగితాలు లేకుండా ఎవరైనా అంటగట్టబోతే కొనకండి.

ఫ్లవర్‌హార్న్ ఏ నదిలోనూ పుట్టలేదు. 1990ల్లో మలేషియాలో సిక్లిడ్ అనే చేపల కుటుంబంలోని వేర్వేరు జాతుల్ని కలిపి తయారుచేశారు. అదృష్టం తెస్తుందని తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. అదృష్టం మాటేమో గానీ, నాలుగడుగుల ట్యాంకులో ఒక్కటి హాయిగా బతుకుతుంది. కాస్త గట్టి (లవణాలెక్కువున్న) బోరు నీళ్లూ దానికి ఇబ్బంది కాదు. ఇంకో చేపను వేస్తే మాత్రం బతకనివ్వదు, గాజు తుడవడానికి చెయ్యి పెడితే మీకూ కొరుకుడే. నుదుటి బుడిపె చాలావరకు వంశాన్ని బట్టి వస్తుంది. పిల్లను చూసి అది ఎంత పెరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. "హెడ్ పెరిగే మేత" డబ్బాకి ఎక్కువ డబ్బులు తగలెయ్యకండి.

నా ఓటు ఆస్కార్‌కే. మనుషుల్ని గుర్తుపడుతుంది, మేత డబ్బా చప్పుడైతే చాలు గాజు దగ్గరికొచ్చి తోక ఊపుతుంది. మీరు అందంగా పేర్చిన గులకరాళ్లను నోట్లోకి తీసుకుని ఇంకో మూల ఉమ్మేస్తుంది. ప్లాస్టిక్ మొక్కల్ని పీకి పైకి తేలుస్తుంది. ట్యాంకులో ఏదైనా మారిస్తే అలిగినట్టు ఒక పక్కకి ఒరిగి పడుకుంటుంది. మొదటిసారి చూస్తే చచ్చిపోయిందేమోనని టెన్షన్ పడతారు. కాసేపటికి దానంతట అదే లేస్తుంది.

కష్టమల్లా దాని మురికితోనే. తిన్నది సగం నమిలి మొప్పల్లోంచి వదిలేస్తుంది, అది కుళ్లి చేపకి విషమైన అమ్మోనియా అవుతుంది. చిన్న ఫిల్టరు చాలదు, ట్యాంకు బయట ఉండే పెద్ద క్యానిస్టర్ ఫిల్టరు పెట్టాలి. వారానికోసారి మూడోవంతు నీళ్లు మార్చాలి. మునిసిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ వేశాకే పొయ్యాలి. నీళ్లు అశ్రద్ధ చేస్తే తల మీద గుంటలు పడే జబ్బు దీనికి తొందరగా వస్తుంది. బతికున్న గోల్డ్‌ఫిష్ పిల్లల్ని మేతగా వేయొద్దు, రోగాలు అంటుకుంటాయి. గుళికల మేత, అప్పుడప్పుడు ఒలిచిన రొయ్య చాలు. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గరుంచుకోండి.

250 లీటర్లు ఒక్క ఆస్కార్‌కే సరిపోయీ సరిపోనట్టుంటాయి. జత కావాలంటే ఆరడుగుల ట్యాంకు చూసుకోండి. వారం వారం నీళ్లు మార్చే ఓపిక లేకపోతే ఫ్లవర్‌హార్న్ కూడా వద్దు, దానిదీ అదే మురికి.

పోతూ పోతూ షాపువాళ్లు "క్లీనర్" అని సక్కర్ చేపను చేతిలో పెడతారు. అదీ అడుగు దాటి పెరుగుతుంది, ఆస్కార్ వదిలిన మురికిని తినకపోగా తన వంతు కలుపుతుంది. పెద్దదయ్యాక ఎవరో చెరువులో వదిలేస్తారు. అలా చేరిన సక్కర్ చేపలు మన చెరువుల్లో ఇప్పటికే జాలర్ల వలలు చింపుతున్నాయి. ఊరికే ఇచ్చినా తీసుకోకండి.