పరాయి యాంటెనా, సొంత తీగ: హైదరాబాద్ షార్ట్‌వేవ్ శ్రోత చేతిలో నెట్ రిసీవర్లు

షార్ట్‌వేవ్ శ్రోతల్లో మొదటి నుంచీ రెండు రకాలు. పాట కోసమో వార్తల కోసమో ట్యూన్ చేసేవాళ్లు ఒక రకం. ఏ మూల నుంచి వచ్చిన సిగ్నల్‌ను పట్టామన్నదే లెక్కగా పెట్టుకున్న డీఎక్సర్లు (దూరపు స్టేషన్లను వేటాడేవాళ్లు) రెండో రకం. రేడియో సిలోన్ తెలుగు పాటల కాలంలో ఇద్దరూ ఒకే సెట్టు ముందు కూర్చునేవారు. ఇంటర్నెట్ వాళ్లను విడదీసింది. ఆకాశవాణి ఫోన్ యాప్‌లోకి రాగానే పాటల శ్రోత గరగర లేని చోటికి వెళ్లిపోయాడు, అందులో తప్పేమీ లేదు. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరిలో, బీబీసీ హిందీ 2020 జనవరిలో షార్ట్‌వేవ్‌కు స్వస్తి చెప్పాక మిగిలింది దాదాపు డీఎక్సర్లే. వాళ్లు ఇప్పుడు ట్యూనింగ్ నాబ్ కంటే, సిగ్నళ్లను రంగు చారలుగా చూపే వాటర్‌ఫాల్ తెరనే ఎక్కువ చూస్తున్నారు. ఎక్కడో ఉన్న రేడియోను నెట్ ద్వారా ట్యూన్ చేసే రిసీవర్లూ, ఇంటి కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్లూ వాళ్ల చేతికొచ్చాయి. దీర్ఘకాలం వాడాక ఈ పరికరాలు ఎక్కడ అక్కరకొస్తాయో, ఎక్కడ మోసం చేస్తాయో తేలింది.

ముందు ట్వెంటె వెబ్‌ఎస్‌డీఆర్ (ఎస్‌డీఆర్ అంటే ట్యూనింగ్ పనిని సాఫ్ట్‌వేర్ చేసే రేడియో). నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైన రిసీవర్ ఇది. 29 మెగాహెర్ట్జ్ దాకా మొత్తం బ్యాండ్‌ను వందలమంది ఒకేసారి, ఎవరికి కావలసిన చోట వాళ్లు వినొచ్చు. కొత్తవాళ్లకు ఏఎం, సైడ్‌బ్యాండ్ అనే రెండు ప్రసార పద్ధతుల తేడా నేర్పడానికి ఇంతకంటే మంచిది లేదు. కాకపోతే మన సాయంత్రం ఏడు అక్కడ మిట్టమధ్యాహ్నం దాటిన వేళ. 49 మీటర్ల బ్యాండ్‌లో (6 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) ఏమీ రావట్లేదని నిరాశపడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఆ బ్యాండ్ అక్కడ కళకళలాడేది చీకటి పడ్డాకే, అంటే మనకు బాగా పొద్దుపోయాకే. ఆ వేళకు మేలుకోలేనివాళ్లు పగలు పలికే 19 మీటర్లతో (15 మెగాహెర్ట్జ్ దగ్గర) సరిపెట్టుకోవాలి.

అసలు మార్పు తెచ్చింది కివీ ఎస్‌డీఆర్. 2016లో వచ్చిన ఈ చిన్న బోర్డు 10 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది. మామూలు అమరికలో నలుగురికి చోటు, పైగా యజమానులు రోజుకింతని సమయం కూడా పరిమితం చేస్తారు. ప్రపంచమంతటా వందల కివీలున్నాయి కాబట్టి, ఇంట్లో లీలగా వినిపించిన స్టేషన్ ఏదో తేల్చడానికి దీనికి సాటి లేదు. పద్ధతి ఇది: ఇంటి రేడియోలో వినపడుతున్న ఫ్రీక్వెన్సీనే, అనుమానమున్న ట్రాన్స్‌మిటర్‌కు వెయ్యి కిలోమీటర్లలోపు ఉన్న కివీలో తెరవండి. రెండు చోట్లా ఒకే మాట, ఒకే పాట వస్తే గుర్తింపు ఖాయం. నెట్ ధ్వని సెకనో రెండు సెకన్లో వెనకబడి వస్తుంది, దాన్ని చూసి వేరే స్టేషన్ అనుకోవద్దు. గొంతు వంకరపోతూ మాయమయ్యే ఫేడింగ్‌లో ఏఎం వదిలి ఎస్ఏఎం (సింక్రనస్ ఏఎం) మోడ్‌కు మారితే మాట నిలబడుతుంది. పక్క స్టేషన్ రుద్దుతుంటే పాస్‌బ్యాండ్‌ను (రిసీవర్ లోపలికి రానిచ్చే ఫ్రీక్వెన్సీల పట్టీని) రుద్దని వైపుకు జరపాలి.

ఊరూపేరూ లేని సిగ్నల్ ఎక్కడినుంచి వస్తోందో చూపే టీడీఓఏ సదుపాయం కూడా ఇందులో ఉంది. జీపీఎస్ సరిగ్గా అందుతున్న మూడు లేదా అంతకంటే ఎక్కువ కివీలకు సిగ్నల్ చేరిన సమయాల్లోని తేడాతో మ్యాప్ మీద చోటు గీస్తుంది. రిసీవర్లన్నీ ఒకే దిక్కున ఎంచుకుంటే ఫలితం పొడవాటి చారలా సాగి ఎందుకూ కొరగాదు. చుట్టూ ఉండేలా ఎంచుకున్నా వందల కిలోమీటర్ల తేడా మామూలే. దేశం తెలుస్తుంది, ఊరు తెలియదు.

ఎక్కడి రిసీవర్‌నైనా వాడుకునే ఈ సౌకర్యమే, ఎలా వినపడిందో స్టేషన్‌కు రాసే రిసెప్షన్ రిపోర్టుల పరువు తీసింది. ఒకప్పుడు రిపోర్టు, దానితో పాటు తిరుగు తపాలాకు ఐఆర్‌సీ (అంతర్జాతీయ తపాలా) కూపన్ పంపి, విన్నది నిజమేనని స్టేషన్ ధ్రువీకరించే క్యూఎస్ఎల్ కార్డు కోసం నెలల తరబడి ఎదురుచూసేవారు. ఇప్పుడు జర్మనీలోని కివీలో విని, హైదరాబాద్‌లో విన్నట్టు మెయిల్ కొట్టేవాళ్లు తయారయ్యారు. రిపోర్టులో వినికిడి నాణ్యతను 1 నుంచి 5 దాకా అంకెల్లో చెప్పే సిన్‌పో కోడ్‌లోని మొదటి అంకె సిగ్నల్ బలం. పరాయి యాంటెనా మీద విన్న 5 మీ ఇంటి 5 కాదు, ఆ స్టేషన్ ఇంజనీరుకు దానితో హైదరాబాద్ గురించి తెలిసేది సున్నా. నెట్ రిసీవర్‌తో విన్నప్పుడు అది ఉన్న ఊరు రాయడం కనీస మర్యాద.

ఇంటి సెట్టుకు తక్కువ ఖర్చు దారి కంప్యూటర్ యూఎస్‌బీకి గుచ్చే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్. టీవీ చూడ్డానికి తయారైన చిప్పును 2012లో హాబీయిస్టులు రేడియోగా మార్చారు. విండోస్‌లో జాడిగ్ అనే డ్రైవర్ ప్రోగ్రామ్ నడిపి ‘బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ 0’కు డ్రైవర్ వేయాలి. పొరపాటున మౌస్‌కో కీబోర్డుకో వేస్తే అవి మూగబోతాయి. డాంగిల్ వీ3 రకమైతే షార్ట్‌వేవ్‌కు రేడియో సాఫ్ట్‌వేర్‌లో ‘డైరెక్ట్ శాంప్లింగ్, క్యూ బ్రాంచ్’ ఎంచుకోవాలి. అప్పుడు గెయిన్ స్లైడర్ ఎంత జరిపినా ఫలితముండదు, పాడైందని తిప్పి పంపకండి. దీని పెద్ద లోపం నకిలీ స్టేషన్లు. 14.4 మెగాహెర్ట్జ్ దగ్గర అద్దం పెట్టినట్టు అటుది ఇటు కనిపిస్తుంది. 10 మెగాహెర్ట్జ్ మీద వచ్చే చైనా బీపీఎం కాలసంకేతం 18.8 దగ్గర మళ్లీ తేలుతుంది. ఏదైనా వింత స్టేషన్ కనిపిస్తే 28.8లోంచి ఆ ఫ్రీక్వెన్సీ తీసేసి, వచ్చిన చోట వెతకండి. తర్వాతి రకం వీ4లో షార్ట్‌వేవ్‌ను పై ఫ్రీక్వెన్సీకి మార్చే అప్‌కన్వర్టర్ ఉండడంతో ఈ బాధ లేదు, కానీ పాత డ్రైవర్లతో అది సరిగా పనిచేయదు. హైదరాబాద్‌లో ఇంకో తలనొప్పి 738 కిలోహెర్ట్జ్ ఆకాశవాణి. 8 బిట్ల డాంగిల్ ఆ ధాటికి నిండిపోయి, బ్యాండ్ అంతా చెత్త చూపిస్తుంది. మీడియంవేవ్‌ను ఆపే హైపాస్ ఫిల్టర్ పెడితే మనిషౌతుంది.

పరికరం లోపాల కంటే పెద్ద శత్రువు, రేడియోలో రొద పుట్టించేది ఇంట్లోనే ఉంది: ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్, లిఫ్టు మోటారు. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపండి. తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ వాటర్‌ఫాల్‌లో మసక పట్టీ ఎప్పుడు లేస్తుందో చూడండి. అలా దొరికిన చార్జర్ వైరుకు క్లిప్ ఫెరైట్ (రొదను అణిచే నల్లటి ముక్క) ఒకటి తగిలిస్తే షార్ట్‌వేవ్‌లో తేడా దాదాపు ఉండదు. 31 రకం ఫెరైట్ పెద్ద రింగు మీద వైరును ఎనిమిది పది చుట్లు చుట్టాలి.

యాంటెనాకు డాబా మీద 10 మీటర్ల తీగ చాలు, కరెంటు తీగలకు, కేబుల్ వైర్ల గుత్తులకు దూరంగా లాగాలి. 43 రకం ఫెరైట్ రింగు మీద కోయాక్స్ (రిసీవర్‌కు వెళ్లే షీల్డ్ కేబుల్) వైపు 3 చుట్లు, తీగ వైపు 9 చుట్లు విడివిడిగా చుడితే, తీగను కేబుల్‌కు జతపరిచే 9:1 ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధం. రెండు చుట్లనూ కలపకపోవడంలోనే కిటుకు: ఇంటి రొద కోయాక్స్ షీల్డ్ వెంట ఎక్కి యాంటెనాలోకి చేరదు. కేబుల్ టీవీ ఆర్‌జీ-6 వైరు రిసీవింగ్‌కు బాగానే సరిపోతుంది. కనెక్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో వెతకండి. ఏప్రిల్, మే గాలివానలప్పుడు ఉరుము వినపడకముందే తీగ ఊడదీయాలి.

ఏ స్టేషన్ ఎప్పుడు, ఏ ఫ్రీక్వెన్సీలో వస్తుందో చెప్పే షెడ్యూళ్ల విషయంలో మాత్రం నెట్ మేలు చేసింది, ఏడాదికోసారి వచ్చే లావుపాటి పుస్తకం కోసం కాచుకునే పని తప్పింది. నెట్‌లో దొరికే ఈబీ (EiBi) షెడ్యూళ్ల జాబితా ఉచితం. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో ప్రసారాల సీజన్ మారుతుంది, ఆ వారం పాత ఫైలు నమ్మొద్దు. జాబితాలన్నీ యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక నడిచే అంతర్జాతీయ సమయంలో ఉంటాయి. మన తెల్లవారుజాము 4:15 అంటే అక్కడ క్రితం రోజు 22:45. రిపోర్టులో తారీఖు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మన దగ్గర కివీ పెట్టి లోకానికి తెరవాలనుకుంటే అడ్డుపడేది బ్రాడ్‌బ్యాండ్. కివీ వాడే 8073 పోర్టును రౌటర్‌లో తెరిచినా బయటివాళ్లకు అందదు, ఎందుకంటే చాలా ఇళ్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీని చాలామంది పంచుకునే సీజీనాట్ వెనక ఉంటాయి. కివీ వాళ్లే ఇచ్చే ప్రాక్సీ సేవ పెట్టుకోవడం సులువు, లేదంటే స్టాటిక్ ఐపీకి నెలనెలా కట్టాలి. జీపీఎస్ యాంటెనాకు ఆకాశం కనిపించే చోటు ఇవ్వండి, కిటికీ గ్రిల్ లోపల పెడితే టీడీఓఏలో మీ రిసీవర్‌ను ఎవరూ ఎంచుకోరు.