ముగ్గా, క్రోషియానా, కలరింగ్ పుస్తకమా: మనసు కుదుటపడ్డానికి ఏది మేలు?

"ఖాళీగా కూర్చుంటే అలాంటి ఆలోచనలే వస్తాయి, ఏదో ఒక పని పెట్టుకో" అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటుంటారు కదా, ఆ మాటలో సగం నిజం ఉంది, కానీ ఏ పని అనేది మాత్రం ఎవరూ చెప్పరు. గిన్నెలు తోమడం కూడా పనే, కానీ తోముతూ తోముతూనే పొద్దున్న మేనేజర్ అన్న మాటని పదిసార్లు తిరగేసుకోవచ్చు, చెయ్యి దాని పాటికి అది పోతుంటుంది, బుర్ర దాని పాటికి అది రగులుతుంటుంది. అంటే చేతికి పని దొరికితే సరిపోదు, బుర్రకి కూడా కాస్త పని తగలాలి, మరీ ఎక్కువ తగిలితే అదో కొత్త టెన్షన్. ఈ లెక్కన మనవాళ్ళకి ఈజీగా అందుబాటులో ఉండే మూడు చూద్దాం.

కలరింగ్ పుస్తకాలతో మొదలుపెడదాం, ఎందుకంటే వాటి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 2015 చుట్టుపక్కల పెద్దవాళ్ళ కలరింగ్ పుస్తకాలు ప్రపంచమంతా తెగ అమ్ముడయ్యాయి, మన దగ్గర కూడా స్టేషనరీ షాపుల్లో మండల (గుండ్రంగా చక్రంలా ఉండే డిజైను) బుక్స్ వరసగా పేర్చి పెట్టేవాళ్ళు. దీని వెనకాల కాస్త సైన్స్ లేకపోలేదు. 2005లో కర్రీ, కాసర్ అని అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, కాలేజీ స్టూడెంట్స్‌ని ముందు తమకి బాగా భయం వేసిన సంఘటన రాయమని, ఆ తర్వాత కొందరికి మండల బొమ్మ, కొందరికి గళ్ళ డిజైను, కొందరికి ఉత్త తెల్లకాగితం ఇచ్చి రంగులేయమన్నారు. మండల వేసినవాళ్ళకీ గళ్ళు నింపినవాళ్ళకీ ఆందోళన తగ్గింది, తెల్లకాగితం వాళ్ళకి అంతగా తగ్గలేదు. నాకు ఇందులో నచ్చిన పాయింట్ ఆ తెల్లకాగితమే. "నీ ఇష్టం వచ్చింది గీసుకో, ఫ్రీగా ఎక్స్‌ప్రెస్ చెయ్" అని టెన్షన్‌లో ఉన్నవాళ్ళకి చెప్తుంటారే, ఆ టైంలో ఏం గియ్యాలో తోచకపోవడమే ఇంకో బరువు అవుతుంది. హద్దులు ఎవరో గీసి పెట్టి ఉంటే హాయి. కానీ కలరింగ్‌లో హాయి మాత్రమే ఉంది, కొన్ని పేజీలయ్యాక చెయ్యి అలవాటు పడిపోతుంది, మళ్ళీ మేనేజర్ వచ్చి కూర్చుంటాడు. సగం పుస్తకాలు పది పేజీల దగ్గర ఆగిపోయి అలమరలో ఉండటానికి అదే కారణం అనుకుంటా.

ముగ్గు అలా కాదండి. చుక్కలు పెట్టేశాక హద్దు వచ్చేసినట్టే, కానీ దారి మాత్రం మీరే వెతుక్కోవాలి. 7 చుక్కలు 4 వరకు సందు చుక్కలు పెట్టి మెలిక ముగ్గు వేసి చూడండి, గీత ఒక్కో చుక్కనీ చుట్టుకుంటూ వెళ్ళి మొదలైన చోటికే రావాలి, ఒక్క మెలిక తప్పు తిప్పామా చివర్లో కలవదు, కాబట్టి వేసేంతసేపూ మనసు ఆ తర్వాతి చుక్క దగ్గరే ఉండాలి, ఇంకెక్కడికీ పోవడానికి వీల్లేదు. పైగా బొటనవేలూ చూపుడువేలూ మధ్య నుంచి పిండి ఒకే సన్నటి ధారగా జారాలంటే చెయ్యి నిలకడగా ఉండాలి, కంగారు పడితే గీతలో ముద్ద పడిపోతుంది, అది చూసి మనకి తెలియకుండానే ఊపిరి నెమ్మదిస్తుంది. మెడిటేషన్ యాప్‌లో వాయిస్ చెప్పే పని ఇక్కడ పిండి చేస్తుంది. ఇంకోటి, ముగ్గు ఉండేది ఒక్క రోజే, రేపు పొద్దున్న కళ్ళాపి చల్లితే పోయేదే, బాగా రాలేదని బాధపడ్డానికి కూడా టైం ఉండదు. లేచి బయటికి రావడం, పొద్దుటి వెలుతురు మొహాన పడటం, ఎదురింటి పిన్నిగారు "ఎన్ని చుక్కలమ్మా?" అని అడగడం, ఇవన్నీ దీనితో పాటు వస్తాయి, దిగులుగా ఉన్నప్పుడు మనం ముందు ఎగ్గొట్టేవి కూడా ఇవే కదా.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి వంగి వెయ్యడం కష్టం, అపార్ట్‌మెంట్‌లో గుమ్మం ముందు రెండడుగుల టైల్ ఉంటుంది, దాని మీద ఆల్రెడీ స్టిక్కర్ ముగ్గు అంటించి ఉంటుంది. ధనుర్మాసంలో అయితే పక్కింటితో పోటీ మొదలవుతుంది, పోటీ వచ్చిందంటే ప్రశాంతత గోవిందా. అన్నిటికంటే ముఖ్యంగా, రాత్రి పదకొండింటికి గుండె దడదడలాడుతుంటే వీధిలోకి వెళ్ళి ముగ్గెయ్యలేం. పలక మీదో నోట్‌బుక్‌లోనో వేసుకోవచ్చు గానీ ఆ పిండి సంగతి అందులో రాదు.

ఆ రాత్రి టైంకి క్రోషియా మేలు, నా ఓటు కూడా దానికే. ఒక కొక్కెం సూది, ఒక ఉండ ఊలు, అంతే సామాను, హ్యాండ్‌బ్యాగ్‌లో పడుంటుంది. ఆస్పత్రిలో డాక్టర్ పిలిచేవరకు కూర్చున్నప్పుడు, రైల్లో, పరీక్ష రిజల్ట్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఫోన్ స్క్రోల్ చేసే చోటల్లా ఇది పడుతుంది. ఇరవై ఒక్క గొలుసులు వేసి వెనక్కి తిప్పి వరసకి ఇరవై కుట్లు వేస్తూ పోవాలి, లెక్క తప్పకూడదు, ఒకటి రెండు మూడు అని లోపల లెక్కపెట్టుకుంటూ మేనేజర్ని తిట్టుకోవడం కుదరదు, ట్రై చేసి చూడండి. అంచున ఒక్కో కుట్టు వదిలేస్తూ పోతే కొన్ని వరసలయ్యాక చతురస్రం కాస్తా త్రికోణం అయి కూర్చుంటుంది. అయినా నష్టమేం లేదు, దారం పట్టుకుని లాగితే మొత్తం ఊడొస్తుంది, అదే ఊలుతో మళ్ళీ మొదలు. తప్పు చేస్తే ఏమైపోతుందో అని ఊరికే భయపడే మనుషులకి ఈ లాగి విప్పెయ్యడం చాలా మంచి మందు.

2013లో ఊలు అల్లేవాళ్ళని (క్రోషియా కాదు, రెండు సూదుల అల్లిక) 3,545 మందిని సర్వే చేస్తే ఎక్కువసార్లు అల్లేవాళ్ళు ఎక్కువ ప్రశాంతంగా ఉంటున్నామని చెప్పారు. వాళ్ళంతా ముందే అల్లిక అంటే ఇష్టం ఉన్నవాళ్ళు, అది గుర్తుపెట్టుకోవాలి, సూది చూస్తేనే చిరాకొచ్చేవాళ్ళని ఎవరూ అడగలేదు. అలాగే 2016లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు 39 మందికి మార్కర్లు, బంకమట్టి, కొలాజ్ సామాను ఇచ్చి 45 నిమిషాలు చేసుకోమని, ముందూ తర్వాతా ఉమ్ములో కార్టిసాల్ (టెన్షన్ పడితే పెరిగే హార్మోన్) చూస్తే సుమారు 75 శాతం మందికి తగ్గింది, బొమ్మలెయ్యడం వచ్చా రాదా అన్నదానితో సంబంధం లేకుండా. మంచి వార్తే, కానీ మిగతా పాతిక శాతం మందికి తగ్గలేదు కదా. మీరు ఆ పాతికలో ఉంటే అది మీ తప్పు కాదు, ఇంకోటి పట్టుకోండి. కోపం ఎక్కువ ఉన్నవాళ్ళకైతే నేను ఈ మూడూ చెప్పను, బంకమట్టి చెప్తా, వినాయకచవితికి తెచ్చిన మట్టి మిగిలితే పారెయ్యకండి, పిసకడానికి అంతకంటే మంచిది లేదు.

క్రోషియాకి ఉన్న పెద్ద ప్రమాదం మెడనొప్పి, మణికట్టు నొప్పి కాదండి, అవి మధ్యలో లేచి తిరిగితే పోతాయి. నాలుగు బొమ్మలు బాగా వచ్చాయా, "ఇన్‌స్టాలో పేజీ పెట్టొచ్చుగా, ఆర్డర్లు తీసుకోవచ్చుగా" అని ఇంట్లో మొదలుపెడతారు. నరసాపురం లేసు చూడండి, 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, 2024లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతం సరుకే అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది, పశ్చిమ గోదావరిలో ఇళ్ళ అరుగుల మీద ఎంతమంది ఆడవాళ్ళు ఆ కొక్కెం సూదితోనే బతుకు లాగారో. వాళ్ళనడగండి దీంతో టెన్షన్ తగ్గుతుందా అని, పీసుకింత అని వచ్చే డబ్బులు, కళ్ళ మంట గురించి చెప్తారు. సూదీ అదే, దారమూ అదే, డెడ్‌లైన్ వచ్చి కూర్చుంటే మాత్రం అది ఉద్యోగం. డబ్బు అవసరమైతే చేసుకోండి, అది వేరే సంగతి, కానీ మనశ్శాంతికి మొదలుపెట్టినదాన్ని అమ్మకానికి పెడితే శాంతి కోసం మళ్ళీ ఇంకోటి వెతుక్కోవాల్సొస్తుంది.

ఇవేవీ ట్రీట్‌మెంట్ కాదు, ఆర్ట్ థెరపీ కూడా కాదు, అది ట్రైనింగ్ ఉన్న థెరపిస్టు దగ్గర జరిగేది. వారాల తరబడి నిద్ర లేక, తిండి సహించక, సూది పట్టుకోవాలన్నా ఓపిక లేనివాళ్ళకి "పోనీ ముగ్గులేసుకో" అనడం అన్యాయం. వాళ్ళని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, లేదంటే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, ఏ టైంలో అయినా.

మామూలు రోజువారీ టెన్షన్ అయితే, పొద్దున్నే లేవలేకపోతున్నవాళ్ళు ముగ్గు పట్టుకోండి, రాత్రి నిద్ర పట్టనివాళ్ళు క్రోషియా పట్టుకోండి, రెండూ భయంగా ఉంటే ఒక్క నెల కలరింగ్ చేసి అప్పుడు మారండి. క్రోషియాకి వెళ్ళేవాళ్ళు మొదటి ఉండ లేత రంగుది కొనండి, కాస్త లావు ఊలు, 4 ఎంఎం సూది. నల్లది, నేవీ బ్లూ అస్సలొద్దు, రాత్రి లైటు కింద కుట్లు కనపడవు.