పన్నెండు నిమిషాలన్న యాప్‌తో మూడేళ్లు

నా ఫోన్‌లో మూడేళ్లుగా ఉన్న ఒక కన్వర్టర్ యాప్ గురించి ఇది, అంటే డేటా వేగాన్ని ఒక కొలత నుంచి ఇంకో కొలతలోకి మార్చి చూపించేది. పేరు రాయడం లేదు, ఎందుకంటే నా తగువు ఆ ఒక్కదానితో కాదు. ఈ రకం యాప్‌లలో ఒక పక్క పాత డిస్కులు, కేబుళ్ల పేర్లు, ఇంకో పక్క నెట్‌వర్క్ వేగాలు ఉంటాయి చూడండి, ఆ జాబితాతోనే నా గొడవంతా.

నాది తెనాలిలో చిన్న షాపు. పాత పెళ్లి క్యాసెట్లు, సీడీలు, మూలపడ్డ కంప్యూటర్లలోని హార్డ్ డిస్కులు తెచ్చిస్తే, అందులో ఉన్నది కాపీ చేసి క్లౌడ్‌లోకి ఎక్కించి లింకు పంపుతాను. డిస్కు తెచ్చేది ఇక్కడి అమ్మానాన్నలు, ఫోన్ చేసేది అమెరికాలో ఉన్న పిల్లలు. వాళ్లడిగేది ఒకటే: ఎప్పటికి వస్తుంది?

మొదటి ఏడాది ఈ యాప్‌ని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. డిస్కు బైట్లలో మాట్లాడుతుంది, బ్రాడ్‌బ్యాండ్ బిట్లలో మాట్లాడుతుంది, ఎనిమిది బిట్లయితే ఒక బైటు. అది తెలియక, 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) లైనుకి డబ్బు కట్టించుకుని సెకనుకి 12 మెగాబైట్లే ఇస్తున్నారని నెట్ కుర్రాడితో వీధిలో నిలబడి పోట్లాడిన మనిషిని నేను. యాప్ చూశాక ఆ అబ్బాయికి టీ ఇప్పించాను.

ఆ తర్వాత షష్టిపూర్తి డిస్కు వచ్చింది.

డల్లాస్ నుంచి ఒకమ్మాయి ఫోన్. వాళ్ల నాన్నగారి పాత పీసీలో 80 జీబీ ఐడీఈ డిస్కు (వెడల్పాటి పట్టీ కేబుల్‌తో తగిలించే పాత రకం) ఉంది, అందులో 72 జీబీ ఫొటోలు, వీడియోలు. మర్నాడు పదకొండింటికి ఇక్కడ కళ్యాణ మండపంలో ఆయన షష్టిపూర్తి. మనకు రాత్రి, వాళ్లకు పగలు కదా, ఆ పూటలోనే తను ఎడిట్ చేసి తిరిగి పంపాలి. "ఎన్నింటికి ఇస్తారన్నా?" అంది. డిస్కు మీద యూడీఎంఏ 100 అని ఉంది, అంటే ఆ కేబుల్ దారిలో డేటా పోగల వేగానికి పెట్టిన పేరు. యాప్‌లో అదే పేరు నొక్కాను. సెకనుకి 100 మెగాబైట్లు, నెట్‌వర్క్ లెక్కలో 800 మెగాబిట్లు. ఆ పీసీలోంచి కాపీ వచ్చేది షాపు నెట్‌వర్క్ మీదే, అక్కడ సెకనుకి వెయ్యి మెగాబిట్లు మోసే గిగాబిట్ స్విచ్ ఉంది కాబట్టి అడ్డేమీ లేదు. 72 జీబీకి పన్నెండు నిమిషాలు. నేనూ మరీ అమాయకుణ్ణి కాదు, రెండింతలు వేసి పాతిక నిమిషాలు అనుకున్నాను. అప్‌లోడ్‌కి ఇంకో గంటన్నర. అప్పుడు సాయంత్రం ఏడు. "తొమ్మిదికల్లా లింకు వస్తుందమ్మా" అనేశాను.

పది దాటింది. కాపీ సగం కూడా కాలేదు. సెకనుకి మూడు మెగాబైట్లు, అంతే. మౌస్ కదిపితే తెర మీద బాణం ఆగి ఆగి పోతోంది. నాకు టెన్షన్ మొదలై స్విచ్ మార్చాను, నెట్‌వర్క్ కార్డు మార్చాను. తప్పు అక్కడ లేదు. చివరికి పాత పీసీలోని విండోస్ ఎక్స్‌పీలో డివైస్ మేనేజర్ తెరిచి ఐడీఈ చానల్ (డిస్కు తగిలించిన దారి) చూస్తే, ప్రస్తుత మోడ్ పీఐఓ అని ఉంది, అంటే బాగా నెమ్మదైన పాత పద్ధతి.

జరిగింది ఇదీ. ఆ పీసీ డబ్బాలో డిస్కుకి తగిలించి ఉన్నది 40 తీగల పాత కేబుల్. యూడీఎంఏ 33 దాటి వెళ్లాలంటే 80 తీగలది ఉండాలి. అంటే డిస్కు మీద ఏమని రాసున్నా, ఆ కేబుల్ మీద 33కి మించి ఎలాగూ రాదు. దానికి తోడు మడతల దగ్గర అది నలిగిపోయింది. చదివేటప్పుడు పదే పదే తప్పులు వస్తుంటే ఎక్స్‌పీ మెట్టు మెట్టుగా వేగం దించుకుంటూ చివరికి పీఐఓకి పోతుంది. అక్కడ డిస్కు డేటానంతా ప్రాసెసరే తోడిపోయాలి, అందుకే ఆ మౌస్ అవస్థ. దిగినది తనంతట తాను మళ్లీ పైకి ఎక్కదు కూడా. పాత సామాను పెట్టెలోంచి 80 తీగల కేబుల్ వెతికి తగిలించి, డివైస్ మేనేజర్‌లో ఆ చానల్‌ని తీసేసి రీస్టార్ట్ చేశాను. సెకనుకి ముప్ఫై మెగాబైట్లు అందుకుంది, మిగిలిన 40 జీబీ అరగంట లోపే వచ్చేసింది. లింకు వెళ్లేసరికి మాత్రం రాత్రి ఒంటిగంట. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. వీడియోలో తన పెళ్లికి ముందు ఫొటోలు పెట్టగలిగింది, తర్వాతవి పెట్టలేకపోయింది. నేను డబ్బు తీసుకోలేదు.

యాప్ లెక్క తప్పా అంటే, కాదు. 100ని ఎనిమిదితో గుణిస్తే 800లే. కానీ యూడీఎంఏ 100 అన్నది దారికి పెట్టిన పేరు. ఆ కాలపు డిస్కు పళ్లెం మీంచి అంత వేగంగా డేటా రానే రాదు. దారి పేరుని బండి వేగంగా చూపించి, పక్కన నాలుగు దశాంశాలు కూడా వేస్తే నాలాంటివాడు నమ్ముతాడు. 'ఇది గరిష్ఠం' అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది?

వీడియో కెమెరాని కంప్యూటర్‌కి కలిపే పాత కేబుల్ ఫైర్‌వైర్ 400 కూడా అంతే. దాన్ని నొక్కితే సెకనుకి 50 మెగాబైట్లు అంటుంది, ఆ లెక్కన గంట మినీడీవీ (చిన్న డిజిటల్ వీడియో) క్యాసెట్, అంటే దాదాపు 13 జీబీ, ఐదు నిమిషాల్లోపు వచ్చేయాలి. క్యాసెట్ తిరిగేది గంట, వచ్చేదీ గంటే.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఐడీఈ తర్వాత వచ్చిన డిస్కు కేబుల్ సాటా, దాని మొదటి తరం వేగం సెకనుకి 1.5 గిగాబిట్లని అందరికీ తెలుసు, యాప్ మాత్రం 1.2 చూపిస్తుంది. దొరికావురా అనుకుని ఒక్క స్టార్ ఇచ్చి ఘాటుగా రాశాను. తర్వాత తెలిసింది, ఆ తీగ మీద ప్రతి పది బిట్లలో ఎనిమిదే మన సరుకు, మిగతా రెండు కోడింగ్‌కి పోతాయని. 150 మెగాబైట్లు, 1.2 గిగాబిట్లు, యాప్ చెప్పిందే నిజం. చప్పుడు చేయకుండా వెళ్లి మూడు స్టార్లు చేశాను.

ఇప్పటికీ తీసెయ్యలేదు. అప్‌లోడ్ లెక్కకి రోజూ వాడతాను, అక్కడ బాగానే పనికొస్తుంది. మీ దగ్గర కొత్త ఎస్ఎస్‌డీలే ఉంటే నా గోల మీకు అక్కర్లేకపోవచ్చు. నాకు వచ్చేవన్నీ ఇరవయ్యేళ్ల నాటి సామాన్లు. డిస్కు రాగానే ఒక జీబీ కాపీ చేసి గడియారం చూస్తున్నాను, ఆ తర్వాతే టైము చెబుతున్నాను. 80 తీగల కేబుళ్లు మాత్రం నా దగ్గర రెండే మిగిలాయి, ఎవరి దగ్గరైనా ఉంటే కొంటాను.